గ్లెన్ రోజ్ పార్కులో ఉన్న రెండు డైనోసార్ బొమ్మలు 1964 న్యూయార్క్ ఫెయిర్‌వేనా?

పాలకొల్లు_రాజు (డాలస్) | శనివారం రాత్రి 9:40

ఇవాళ పిల్లల్ని తీసుకుని గ్లెన్ రోజ్ వెళ్ళొచ్చాం. అదే, డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు. పలక్సీ నదిలో నీళ్ళు తక్కువగా ఉండి అడుగుల గుర్తులు బాగా కనబడ్డాయి. మావాడు ఒక గుంటలో కూర్చుంటే వాడి నడుము దాకా సరిపోయింది, బొత్తిగా స్నానాల తొట్టే.

అసలు సంగతి అది కాదు. పార్కులో రెండు పెద్ద బొమ్మలున్నాయి. ఒకటి పొడుగు మెడది, ఇంకొకటి టీ-రెక్స్. అక్కడ ఒక పెద్దాయన మాతో మాట కలిపి, "నా పన్నెండో ఏట న్యూయార్క్‌లో వీటినే చూశాను, ఒక పెట్రోలు కంపెనీ పెట్టింది" అన్నాడు. న్యూయార్క్ బొమ్మలు టెక్సస్ అడవిలోకి ఎలా వచ్చాయి? నిజమేనా? ఇంకో ప్రశ్న మావాడిది. "నాన్నా, ఆ అడుగులు వీటివేనా?" అన్నాడు. అవునని చెప్పి కారెక్కించాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.

హడ్సన్_గట్టు (న్యూజెర్సీ) | శనివారం రాత్రి 10:25

నిజమేనండీ రాజుగారూ. ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మీరు చూసిన రెండూ సింక్లెయిర్ ఆయిల్ వాళ్ళ 'డైనోలాండ్' బొమ్మలు. 1964, 65 రెండేళ్ళూ క్వీన్స్‌లో ఫ్లషింగ్ మెడోస్ దగ్గర జరిగిన వరల్డ్స్ ఫెయిర్‌లో మొత్తం తొమ్మిది నిలబెట్టారు. అన్నీ అసలు సైజే. పొడుగు మెడ బ్రాంటోసారస్ పొడవు 70 అడుగులు, టీ-రెక్స్ ఎత్తు 20 అడుగులు. కోటి మంది దాకా చూశారని లెక్క.

చేసినాయన పేరు లూయీ పాల్ జోనస్. పుట్టింది బుడాపెస్ట్‌లో. న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఏనుగుల గుంపు ఉంటుంది చూడండి, దాన్ని నిలబెట్టిన ఏకలీగారి దగ్గర చచ్చిన జంతువుల చర్మంతో బొమ్మలు చేసే పని నేర్చుకున్నవాడు. అంటే చచ్చిన జంతువు చర్మం కింద కండరం ఎలా ఉండాలో చేతికి తెలిసిన మనిషి. ఆయన వర్క్‌షాపు హడ్సన్ ఊరి దగ్గర. ముందు చిన్న నమూనా చేసి, దాన్ని పెద్దది చేసి, అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్‌లో పోశారు. సలహాలు మ్యూజియం శాస్త్రవేత్తలవి: బార్నమ్ బ్రౌన్, ఎడ్విన్ కోల్బర్ట్, యేల్ యూనివర్సిటీ నుంచి జాన్ ఆస్ట్రమ్.

1963 అక్టోబర్‌లో వాటిని బార్జి మీద ఎక్కించి హడ్సన్ నదిలో నూరు మైళ్ళకు పైగా తేలుస్తూ న్యూయార్క్ తెచ్చారు. పడవ మీద తలలెత్తుకుని డైనోసార్లు వస్తుంటే గట్టు మీద జనం ఎలా నోళ్ళు తెరిచి ఉంటారో ఊహించుకోండి. నా హ్యాండిల్ పేరుకి ఇంతకన్నా తగిన కథ లేదు!

నిప్పురవ్వ (హైదరాబాద్) | ఆదివారం ఉదయం 9:05

అయితే ఇదంతా పెట్రోలు బంకు ప్రకటన అన్నమాట. కోటి మంది కట్టకట్టుకుని వెళ్ళి ప్రకటన చూసొచ్చారు. పైగా "డైనోసార్లు కుళ్ళితే పెట్రోలు అయింది" అనే అబద్ధం పిల్లల బుర్రల్లోకి ఎక్కించింది కూడా వీళ్ళే కదా?

గోదావరిఖని_రాళ్ళు | ఆదివారం ఉదయం 10:30

రిటైరైన జియాలజిస్టుని, ఈ ఒక్క మాటకి జవాబు చెప్పి పోతాను. ముడి చమురు డైనోసార్లది కాదు. సముద్రంలో తేలే కంటికి కనబడనంత సన్నని జీవాలు, నాచు చచ్చి అడుగున బురదలో కలిసి, పైన మట్టి పేరుకుని, ఆ ఒత్తిడికీ వేడికీ కోట్ల ఏళ్ళలో నూనెగా మారాయి. డైనోసార్లు నేల మీద తిరిగినవి, సంఖ్య కూడా ఎంతని? మీ స్కూటర్ ట్యాంకులో రాక్షసబల్లి లేదు, నిశ్చింతగా నడుపుకోండి.

సింక్లెయిర్ వాళ్ళు 1930 ప్రాంతంలో ప్రకటనల్లో చెప్పిందేమంటే, మా నూనె చాలా పాతది, డైనోసార్లు తిరిగిన కాలంలోనే భూమిలో మాగడం మొదలైంది, పాతదయ్యేకొద్దీ నాణ్యం అని. పాత బెల్లం మంచిదన్నట్టు. జనం మాత్రం "డైనోసారే నూనె" అని పట్టుకున్నారు. కంపెనీ పనిగట్టుకుని దిద్దిందీ లేదు, ఎందుకు దిద్దుతుంది?

స్వాతిచినుకు (కొలరాడో) | ఆదివారం మధ్యాహ్నం 12:15

అయ్యో, మా వీధి చివర బంకులో ఉన్న ఆకుపచ్చ డైనోసార్ వీళ్ళదేనా! మా అమ్మాయి దాని మీదెక్కి ఫోటో దిగందే పెట్రోలు పోయించుకోనివ్వదు. ఎందుకు పెట్టారో నాలుగేళ్ళుగా ఎవర్నీ అడగలేదు నేను.

హడ్సన్_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 1:40

వాళ్ళదే అమ్మా. ప్రకటనల్లో రకరకాల డైనోసార్లు వాడితే జనానికి బ్రాంటోసారస్ నచ్చింది, 1932లో ట్రేడ్‌మార్క్ చేసుకున్నారు. 1933లో చికాగో ఫెయిర్‌లోనూ డైనోసార్లు పెట్టారు. 1964ది రెండో దఫా, ఇంకా పెద్దది.

నిప్పురవ్వగారికి ఒక్క మాట. ప్రకటనే, కాదనను. కానీ డబ్బు కొంత నిజంగా తవ్వకాలకీ వెళ్ళింది. 1934లో వయోమింగ్‌లో హౌ క్వారీ అని బార్నమ్ బ్రౌన్ తవ్విన చోటుకి ఖర్చు సింక్లెయిర్‌దే. నాలుగు వేలకు పైగా ఎముకలు తేలాయి. 1902లో మోంటానాలో మొదటి టీ-రెక్స్‌ని తవ్వి తీసింది ఈ బ్రౌనే. తల్లిదండ్రులు సర్కస్ యజమాని బార్నమ్ పేరు పెట్టారు, పేరుకి తగ్గట్టు షో మనిషే. కానీ తాను సలహా ఇచ్చిన ఫెయిర్ చూడలేదు పాపం, తొంభై నిండడానికి వారం ముందు 1963 ఫిబ్రవరిలో పోయాడు.

ఇక రాజుగారు అడిగిన 'టెక్సస్‌కి ఎలా వచ్చాయి' దగ్గర తమాషా ఉంది. హౌ క్వారీలో బ్రౌన్ దగ్గర పనిచేసిన కుర్రాడు ఆర్.టి. బర్డ్. మోటార్‌సైకిల్ మీద దేశం తిరుగుతూ ఈ పనిలో పడ్డవాడు. 1930లలో డబ్బుల్లేని రోజుల్లో గ్లెన్ రోజ్ జనం నదిలో అడుగుల రాళ్ళు చెక్కి తీసి అమ్ముకునేవారు. నిజమైనవి చాలక కొందరు రాక్షసుడి కాలంటూ మనిషి పాదాలు కూడా చెక్కారు! అలాంటి దొంగ రాయి ఒకటి న్యూ మెక్సికోలో కంటబడి, కూపీ లాగుతూ 1938లో గ్లెన్ రోజ్ చేరాడు బర్డ్. దొంగ పాదం వెంట వెళ్ళి నిజం పాదం పట్టుకున్నాడు. అక్కడినుంచి కోసి తీసిన బండ ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో, పొడుగు మెడ అస్థిపంజరం వెనకాలే ఉంది. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా చూస్తాను.

అంటే గ్లెన్ రోజ్ అడుగులు న్యూయార్క్ వెళ్ళాయి, ముప్పై ఏళ్ళ తర్వాత 1970లో న్యూయార్క్ బొమ్మలు గ్లెన్ రోజ్ వచ్చాయి. వియ్యాలవారి ఇచ్చిపుచ్చుకోవడంలా ఉంది కదూ!

గోదావరిఖని_రాళ్ళు | ఆదివారం మధ్యాహ్నం 3:00

రాజుగారూ, మీవాడికి చెప్పిన జవాబు మాత్రం మార్చుకోవాలి. ఆ అడుగులు ఆ బొమ్మల్లో ఏ ఒక్కదానివీ కావు. పలక్సీ రాతి వయసు సుమారు 11 కోట్ల ఏళ్ళు. బ్రాంటోసారస్ 15 కోట్ల ఏళ్ళ కిందటిది. టీ-రెక్స్ ఆరున్నర, ఏడు కోట్ల మధ్య. ఒకటి ఎప్పుడో పోయింది, ఇంకొకటి అప్పటికి పుట్టనేలేదు. అక్కడ మూడు వేళ్ళ అడుగులు అక్రొకాంథోసారస్ లాంటి మాంసాహారివి అంటారు, తొట్టెల్లాంటివి వేరే పొడుగు మెడ జాతివి.

ఆ మాటకొస్తే డైనోలాండ్‌లో తొమ్మిదీ ఒకే తోటలో నిలబడ్డా, బ్రాంటోసారస్, స్టెగోసారస్, ఆర్నితోలెస్టిస్ మూడే ఒక కాలానివి. మిగతా ఆరు ఎంతో తర్వాతివి. టీ-రెక్స్‌కి స్టెగోసారస్ కన్నా మనమే దగ్గర చుట్టాలం, కాలం లెక్కన.

పాలకొల్లు_రాజు | ఆదివారం సాయంత్రం 5:20

చెప్పాను. "అయితే నువ్వు అబద్ధం చెప్పావా" అన్నాడు. ఐస్‌క్రీముతో సర్దుకుంది.

క్వీన్స్_మాష్టారు (కాకినాడ) | ఆదివారం రాత్రి 11:10

ఈ శీర్షిక చూసి నిద్ర పట్టలేదు. నేను ఆ ఫెయిర్ చూశాను. 1964లో చదువుకోడానికి న్యూయార్క్ వెళ్ళిన కొత్త. ఏడో నంబరు రైలెక్కి విల్లెట్స్ పాయింట్‌లో దిగితే ఎదురుగా స్టీలు భూగోళం, పన్నెండంతస్తుల మేడంత. మన దేశానికీ పెవిలియన్ ఉండేది. అక్కడ కాస్త మన మొహాలు చూద్దామని వెళ్ళేవాణ్ణి.

ఫోర్డ్ వాళ్ళ దగ్గరా డైనోసార్లుండేవి. డిస్నీ చేసినవి, తలలాడించేవి. కొత్త మస్టాంగ్ కారులో కూర్చోబెట్టి వాటి పక్కనుంచి తిప్పేవారు. అయితే ఆ క్యూ ముందు మన తిరుపతి ధర్మదర్శనం నయం. సింక్లెయిర్‌వి బయట, ఆరుబయలే. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

నాకు బొమ్మలకన్నా బాగా గుర్తున్నది మిషను. గాజు బుర్ర కింద రెండు లోహపు అచ్చులు ఎదురుబదురుగా ఉంటాయి. నాణేలు వేస్తే రెండూ వచ్చి మూతపడతాయి, లోపల బుస్సుమని చప్పుడు. కాసేపటికి విడిపోతే మధ్యలో డైనోసార్ నిలబడి ఉంటుంది. ఒక పలక వచ్చి దాన్ని గెంటితే కింద గూట్లో పడుతుంది. చేత్తో తీస్తే కాలిపోతున్నంత వేడి. "తలకిందులుగా పట్టుకో" అని పక్కన ఒకమ్మాయి చెప్పింది. మైనం క్రేయాన్ల వాసన. ఆ వాసన వేళ్ళకి సాయంత్రం దాకా పోలేదు. ఆకుపచ్చ బ్రాంటోసారస్ అది. ఇండియా వచ్చేటప్పుడు మా తమ్ముడికి తెచ్చాను.

స్వాతిచినుకు | సోమవారం ఉదయం 7:45

మాష్టారూ, చదువుతుంటే వేళ్ళకి వేడి తగిలింది. ఆ మిషను ఎలా పనిచేస్తుందండీ? మైనం కరిగించి పోస్తారా?

హడ్సన్_గట్టు | సోమవారం ఉదయం 9:30

మోల్డ్-ఎ-రామా అంటారు. మైనంలా ఉంటుంది గానీ పాలిథిలిన్ ప్లాస్టిక్. 1962 సియాటిల్ ఫెయిర్‌లో మొదట వచ్చింది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ఎక్కిస్తారు, అచ్చు గోడలకి చల్లదనం తగిలి పైపొర గట్టిపడుతుంది, లోపల మిగిలిన వేడి ప్లాస్టిక్‌ని గాలితో ఊదేసి బయటికి పంపుతారు. అందుకే బొమ్మ లోపల డొల్ల, అడుగున చిల్లులు. ఆ చిల్లుల్లోంచి మిగిలిన చుక్క కారి చెయ్యి కాల్చకుండా తలకిందులు చెయ్యమంటారు. మాష్టారికి చెప్పిన అమ్మాయి తెలిసే చెప్పింది.

నిప్పురవ్వ | సోమవారం ఉదయం 11:00

మాష్టారి మాట వింటే నాకూ ఒక బొమ్మ కావాలనిపించింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి అడుగుతా. ఇవాళ ఆ బొమ్మలు శాస్త్రం ప్రకారం తప్పు కదా? తోకలు నేల మీద ఈడ్చుకుంటూ, టీ-రెక్స్ కంగారూలా నిటారుగా. తప్పు బొమ్మల్ని పార్కులో పిల్లలకి చూపించడమెందుకు? తీసేసి సరైనవి పెట్టొచ్చుగా?

గోదావరిఖని_రాళ్ళు | సోమవారం మధ్యాహ్నం 2:10

తప్పే. తోక ఈడ్చి ఉంటే అడుగుల వరస మధ్యలో తోక గీత పడాలి, దాదాపు ఎక్కడా పడలేదు. పలక్సీ బండలే ఆ బొమ్మలకి ఎదురు సాక్ష్యం! బ్రాంటోసారస్‌కి అప్పట్లో పెట్టిన పొట్టి మొద్దు తల కూడా ఇంకో జంతువుదని 1970లలో తేలింది. ఆ పేరుదీ ఒక కథ. 1903లో అపటోసారస్‌లో కలిపేశారు, 2015లో ఒక పరిశోధన వచ్చి వేరే జాతేనంది. ఆ తొమ్మిదిలో ఇంకొకటి ట్రాకోడాన్, అదైతే 1856లో పళ్ళ ముక్కలు చూసి పెట్టిన పేరు, ఇప్పుడెవరూ వాడరు.

కానీ వెక్కిరించే ముందు ఒకటి చూడండి. ఫెయిర్ మొదలైన ఏడాదే, 1964 ఆగస్టులో, ఆ సలహాదారుల్లో ఒకడైన ఆస్ట్రమ్ మోంటానాలో డైనోనికస్ కనుక్కున్నాడు. చురుగ్గా పరిగెత్తే జంతువు, కాలికి కొడవలి గోరు. డైనోసార్లు బద్ధకపు బల్లులు కావన్న వాదన దానితోనే మళ్ళీ లేచింది. ఒకపక్క క్వీన్స్‌లో తాను సలహా ఇచ్చిన బొమ్మల ముందు జనం బారులు తీరుతుంటే, ఇంకోపక్క అవి తప్పని తేల్చే ఎముకలు ఆయన చేతిలోనే ఉన్నాయి. నేనైతే తీసెయ్యను. పాత సర్వే మ్యాపు తప్పని చింపేస్తామా, పక్కన కొత్తది పెడతాం గానీ.

నిప్పురవ్వ | సోమవారం మధ్యాహ్నం 2:40

పక్కన కొత్తది పెడితే సరే. పెట్టకుండా వదిలేస్తే రాజుగారిలా నాన్నలు అవునని చెప్పి కారెక్కిస్తారు.

పాలకొల్లు_రాజు | సోమవారం సాయంత్రం 6:00

నన్ను వదిలేయండి సార్! మిగతా ఏడూ ఎక్కడున్నాయో చెప్పండి ఎవరైనా.

హడ్సన్_గట్టు | సోమవారం రాత్రి 8:15

ఫెయిర్ అయ్యాక ట్రెయిలర్ల మీద ఊరూరా షాపింగ్ సెంటర్లకి తిప్పారు. 1969లో సింక్లెయిర్ అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్‌లో కలిసిపోయింది. ఇంట్లో పెళ్ళయ్యాక పందిరి గుంజల్లా వీటిని తలా ఒకరికి ఇచ్చేశారు. మీ రెండూ గ్లెన్ రోజ్. స్టెగోసారస్ యూటాలో డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌కి, ట్రైసెరాటాప్స్ లూయివిల్‌కి, ఆంకిలోసారస్ హ్యూస్టన్ మ్యూజియానికి, కోరిథోసారస్ కాన్సస్‌లో ఇండిపెండెన్స్ ఊరి పార్కుకి, స్ట్రుథియోమిమస్ మిల్వాకీకి, ట్రాకోడాన్ చికాగో పక్కన బ్రూక్‌ఫీల్డ్ జూకి. ఆ జూలో మోల్డ్-ఎ-రామా మిషన్లు కూడా ఉన్నాయి, చికాగో వాళ్ళెవరైనా ఉంటే నిప్పురవ్వగారికి ఒక బొమ్మ పట్టుకెళ్ళండి.

తొమ్మిదోది ఆర్నితోలెస్టిస్, అన్నిటికన్నా చిన్నది. దాని జాడ లేదు. ఎవరో ఎత్తుకుపోయారంటారు.

స్వాతిచినుకు | సోమవారం రాత్రి 8:50

ఎవరి గరాజ్‌లోనో దాని మీద బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. నిజంగా!

బేగంపేట_బుల్లోడు | మంగళవారం ఉదయం 8:20

బొమ్మల గొడవ సరే, మనకి అసలు ఎముకలే ఉన్నాయి కదా! హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 44 అడుగుల పొడవు. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు. నిజం చెప్పాలంటే అప్పుడు పక్కనున్న ప్లానెటోరియమే నచ్చింది.

గోదావరిఖని_రాళ్ళు | మంగళవారం ఉదయం 10:00

బాగా గుర్తు చేశారు. అది ఒక్క జంతువు కాదు, పన్నెండింటి ఎముకలు కలిపి నిలబెట్టింది. యాదగిరిగారు 1988లో పేరు పెట్టారు, ఆ ఎముకలు దొరికిన కోట శిలాశ్రేణి పేరు మీద. దానికన్నా ముందు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కాళేశ్వరానికి ఎదురుగా గోదావరి అవతల సిరోంచ వైపు 1958 నుంచి 61 దాకా తవ్వి బరాపసారస్‌ని తీశారు. బరా పా అంటే పెద్ద కాలు. రవీంద్రుడి శతజయంతి ఏడాదని పక్కన ఠాగూర్ పేరు చేర్చారు. హడ్సన్ గట్టున ఫైబర్‌గ్లాస్ కాళ్ళు తయారవడానికి కొంచెం ముందే, గోదావరి గట్టున అసలు కాలు బయటికి వస్తోంది. దాన్ని కలకత్తాలో నిలబెట్టారు.

నా ఉద్యోగం తొలినాళ్ళలో ఆ పక్క చాలా తిరిగాను. ఎర్ర మట్టిలో ఒక తెల్ల ముక్క కనబడితే నాలుకకి తగిలించి చూసేవాళ్ళం. అంటుకుంటే ఎముక, అంటకపోతే రాయి.

స్వాతిచినుకు | మంగళవారం మధ్యాహ్నం 12:05

ఛీ! మా అమ్మాయికి ఈ సంగతి చెప్పను గాక చెప్పను, పెరట్లో రాళ్ళన్నీ నాకుతుంది. ఇంతకీ 'రాక్షసబల్లి' అనొచ్చా? బల్లి కాదన్నారుగా.

గోదావరిఖని_రాళ్ళు | మంగళవారం మధ్యాహ్నం 12:40

1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన గ్రీకు పేరుకి అదే అర్థం, భయంకరమైన బల్లి అని. తప్పు ఆయనది, మన పాఠ్యపుస్తకం నమ్మకంగా తర్జుమా చేసిందంతే. బల్లికన్నా కోడి దగ్గర చుట్టం.

నిర్వాహకుడు | మంగళవారం మధ్యాహ్నం 1:00

'నాటుకోడి డైనోసారా' అని కొత్త దారం తెరిచారెవరో. కోడి మాటలన్నీ అక్కడ. ఇక్కడ ఫెయిర్ గురించే.

క్వీన్స్_మాష్టారు | బుధవారం రాత్రి 9:30

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి ఇప్పుడు డెబ్బై రెండు. "నువ్వు తెచ్చిన ఆకుపచ్చ ఒంటె" అన్నాడు. ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో దాన్ని ఒంటె అనే అనుకున్నారట! మెడ పొడుగు కదా. ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద, రాజూ రాణీ పక్కన పెట్టేవారట. తోక చివర విరిగితే లక్కతో అతికించారు. మనవరాలు ఫోటో తీసి పంపింది, రేపు ఇక్కడ పెట్టిస్తాను.

పాలకొల్లు_రాజు | గురువారం ఉదయం 6:50

మాష్టారూ, ఫోటో తప్పకుండా పెట్టండి. మావాడు "ఒంటె డైనోసార్" చూస్తానని నిన్నటినుంచి ఒకటే గోల.

డాలస్ వాళ్ళకి ఒక మాట, వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం, మూడు కుటుంబాలు. 2022 కరువులో నది ఎండిపోయి ఎప్పుడూ చూడని అడుగులు బయటపడ్డాయని విన్నాను, అంత అదృష్టం ఉండకపోవచ్చు. వర్షం పడితే బురదనీళ్ళు తప్ప ఏమీ కనబడవు, అందుకని బయల్దేరే ముందు పార్కు వాళ్ళకి ఫోన్ చేసి అడుగుతాను. పులిహోర మేం తెస్తాం. పాత చెప్పులు తెచ్చుకోండి, రాళ్ళు జారుతున్నాయి.